చిన్న గీటు – పెద్ద తగవు

మన యమ్మమ్మల నాట మోటారు బండి మగవారి సొత్తుగా నుండెను. నేడట్లు గాదు. పిల్లలను బడియొద్ద దింపుట, సరకులు తెచ్చుట, వృద్ధులైన అత్తమామలను వైద్యుని యొద్దకు గొనిపోవుట మున్నగు పనులను స్కూటరు మీదనో కారులోనో గృహిణియే స్వయముగా నెరవేర్చుకొనుచున్నది. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే బండి నడుపు నేర్పు అలవడినంత త్వరగా, ఆ బండికి చిక్కు వచ్చినపుడు నడుచుకొనవలసిన తీరు మనకు అలవడలేదు.

ఎంత జాగ్రత్తగలవారికైనను ఎన్నడో యొకనాడు చిన్న ప్రమాదము తప్పదు. దైవకృపవలన ఎవరికిని దెబ్బ తగులకపోవచ్చును. బంపరు చొట్టపడును, తలుపు గీచుకొనును, దీపము పగులును. గాయము బండికే. కాని యటుపిమ్మట పుట్టు తగవు నెలల తరబడి యింటిల్లిపాదిని వేధించును. అట్టి సమయమున ఇల్లాలు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ఇచ్చట వివరింపదలచితిని.

ముందుగా నొక దృష్టాంతము చెప్పుదును. ఇందలి వ్యక్తులు కల్పితులే గాని, ఇట్టిది జరుగని యూరు లేదు.

ఒక గృహిణి సాయంకాలము బజారులో సరకులు కొని, కారును వెనుకకు తీయుచుండెను. అదే సమయమున మరియొక కారు కూడ వెనుకకు వచ్చెను. ఆమె కారు వెనుక మూల అవతలి కారు వెనుక బంపరునకు తగిలెను. దానిపై జానెడు గీటు పడినది. ఈమె బండి మూల చొట్టపడినది. రెండు బండ్లును కదలుచునే యుండుటచే తప్పెవరిదో చూచినవారు గూడ నిశ్చయముగా చెప్పలేరు. ఇంతలో గుంపు చేరినది. "ఆడవాళ్లు బండి నడిపితే ఇంతే" అని యెవరో అనిరి. ఆ మాట చెవిని బడినంతనే ఆమె తల వాల్చెను. అవతలి యాసామి, "అమ్మా, తప్పు మీదేనని యొక ముక్క వ్రాసి, మూడు వేలు ఇచ్చిపొండి. ఇంతటితో విడిచిపెట్టెదను" అనెను. అవమానము తప్పిన చాలునని తలచి ఆమె కాగితము వ్రాసి యిచ్చి, 3,000 రూపాయలు నగదుగా చెల్లించి యిల్లు చేరెను. భర్తకు చెప్పలేదు.

పది దినములకు నోటీసు వచ్చినది. బంపరు మార్పు, వెనుక దీపము, ప్రక్క తలుపు, రంగు అన్నియు కలిపి 42,000 రూపాయలు ఇమ్మని అందు వ్రాయబడి యుండెను. ఆ తలుపు నాడు తాకనైనను తాకలేదని ఆమెకు తెలియును. కాని చూపుటకు ఫొటో లేదు. ఇచ్చిన సొమ్మునకు రసీదు లేదు. ఉన్నదెల్ల, ఆమె స్వహస్తముతో "తప్పు నాదే" యని వ్రాసిన కాగితము. అదియు ఎదుటివాని చేతిలో. బీమా కంపెనీకి చెప్పబోవగా, "మా యనుమతి లేకుండ తప్పొప్పుకొని సొమ్మెట్లిచ్చితిరి?" అని వారు ప్రశ్నించిరి.

సోదరీమణులారా, ఈమె బండి నడుపుటలో చేసిన పొరపాటు స్వల్పము. అసలది పొరపాటో కాదో గూడ తెలియదు. బండి దిగిన పిమ్మట సిగ్గుచేతను భయముచేతను చేసిన పొరపాటే పెద్దది. ఇట్టి తగవులలో గెలుపు గొంతు పెద్దదైనవారిది గాదు, మొదటి పావుగంటలో సాక్ష్యమును భద్రపరచుకొన్నవారిది. ఈ యొక్క సంగతి మనసున నాటుకొన్న చాలును. తక్కినదెల్ల దాని వివరణమే.

మొదటి పావుగంట

బండిని ఆపకుండ పోరాదు. ముందుగా ఎవరికైన దెబ్బ తగిలినదేమో చూడవలెను. తగిలియున్నచో బండి సంగతి విడిచి వైద్యసహాయము చూచుటయే మొదటి ధర్మము. 112 నంబరునకు ఫోను చేయవలెను. ఇది మన ధర్మమే గాక చట్టము విధించిన విధియు నైయున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను ప్రకారము, మనుష్యులకు గాయమైనను, ఇతరుల ఆస్తికి నష్టము గలిగినను, పోలీసు అధికారి అచ్చట లేనియెడల, డ్రైవరు సాధ్యమైనంత త్వరగా, ఎట్లయినను 24 గంటలలోపల, దగ్గరి పోలీసు స్టేషనులో సంగతి తెలుపవలెను. బీమా కంపెనీకి గూడ వ్రాతమూలముగా తెలుపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. స్టేషనునకు పోవుట పరువు తక్కువని మనలో ననేకులు తలతురు. తగవు వచ్చు సూచన యున్నపుడు అచ్చట వ్రాతపూర్వకముగా నిచ్చిన సమాచారమే మనకు కవచము. దాని నకలుపై ముద్ర వేయించుకొనుట మరువరాదు.

ఎవరికిని గాయము లేనిచో, బండ్లను కదల్పకముందే సెల్ ఫోనుతో ఫొటోలు తీయవలెను. రెండు బండ్లును నంబరు పలకలతో సహా ఒకే ఫొటోలో కనబడునట్లు దూరమునుండి కొన్ని, తగిలిన చోటు దగ్గరనుండి కొన్ని తీయవలెను. ఇంతవరకు చాలమందికి తెలిసినదే. చాలమంది మరచునది యొకటి కలదు. అవతలి బండికి దెబ్బ తగులని భాగములను గూడ నలుదిక్కుల ఫొటో తీయవలెను. మన దృష్టాంతములోని గృహిణి ఆ తలుపును ఒక్క ఫొటో తీసియున్నచో, 42,000 రూపాయల లెక్క యందు తలుపు చేరియుండెడిది గాదు. పాత చొట్టలను క్రొత్త లెక్కలో చేర్చుట యిట్టి తగవులలో తరచుగా జరుగు మోసము.

పిమ్మట ఈ క్రింది వివరములు వ్రాసికొనవలెను: సమయము, స్థలము, అవతలి బండి నంబరు, నడుపువారి పేరు, లైసెన్సు నంబరు, బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, చూచినవారిలో ఇద్దరి పేర్లు, ఫోను నంబరులు. సమీపమున అంగళ్ల ముందు కెమెరాలున్నచో ఆనాడే ఆ యజమానిని కలసి, ఆ సమయపు దృశ్యమును భద్రపరచుడని కోరవలెను. అట్టి కెమెరాలలో పాతది చెరిగి దానిపై క్రొత్తది పడుచుండును. రెండు వారములు గడచిన పిమ్మట అడిగిన ఫలముండదు. మన పత్రములు అడిగినచో డిజిలాకరు నందుగాని ఎం-పరివాహన్ నందుగాని యున్నవి చూపవచ్చును, అవి చెల్లును.

ఇక మాట సంగతి. "నీటికి నాచు తెగులు, మాటకు మాట తెగులు" అని మన పెద్దలు చెప్పిరి. రోడ్డుమీద తీర్పు చెప్పుటకు మనము న్యాయాధిపతులము గాము. "తప్పు నాదే" యనరాదు. "తప్పు నీదే" యనియు తిట్టరాదు. "మీ వివరము లిండి, మా వివరములు తీసికొనుడు. మా బీమా కంపెనీకి నేను తెలుపుదును, మీ కంపెనీకి మీరు తెలుపుడు" అని మెల్లగా చెప్పిన చాలును. స్త్రీల డ్రైవింగును గూర్చి గుంపులో నెవరేమనినను బదులు పలుకరాదు. ఆ మాట సాక్ష్యము గాదు. దానికి మనమిచ్చు బదులు మాత్రము తగవును పెంచును. సంతకము మాత్రము చేయనే చేయరాదు.

పాలసీలో నేమున్నది?

ఇంగ్లండులో 1930 సంవత్సరపు రోడ్డు ట్రాఫిక్ చట్టము మోటారు యజమానులకు బీమా తప్పనిసరి చేసినది. మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టమున అట్టి నిబంధన చేర్చబడి 1946లో అమలులోనికి వచ్చినది. నేడు అమలునందున్నది 1988 చట్టము. దాని 146వ సెక్షను ప్రకారము, ఇతరులకు కలుగు నష్టమునకు బీమా లేకుండ బండిని రోడ్డుపైకి తెచ్చుట నేరము.

పాలసీలో సాధారణముగా రెండు భాగములుండును. మొదటిది మన బండికి కలిగిన నష్టమును భరించునది. రెండవది మన బండివలన ఇతరులకు కలిగిన నష్టమును భరించునది. దీనినే 'థర్డు పార్టీ' యందురు. చట్టము తప్పనిసరి చేసినది ఈ రెండవదానినే. కొందరు ప్రీమియము తగ్గునని రెండవ భాగము మాత్రమే తీసికొందురు. అట్టివారి బండి చొట్టపడినచో తమ కంపెనీనుండి వారికి రాదగిన దేమియు లేదు. మీ యింటి పాలసీలో రెండును గలవో లేవో నేడే చూచుకొనుడు.

ఇతరుల ఆస్తికి కలుగు నష్టము విషయమున సాధారణపు పాలసీలో కారులకు 7,50,000 రూపాయల వరకును, ద్విచక్ర వాహనములకు 1,00,000 రూపాయల వరకును రక్షణ యుండును. కొంచెము ప్రీమియము తగ్గించుకొనుటకై దానిని 6,000 రూపాయలకే పరిమితము చేసికొను పద్ధతియు కలదు. ఆ కొద్దిపాటి ఆదాకై ఆశపడరాదు.

పాలసీ షరతులలో ముఖ్యమైన దొకటి గలదు. కంపెనీవారి వ్రాతపూర్వకమైన సమ్మతి లేకుండ తప్పొప్పుకొనుట, సొమ్మిచ్చెదనని వాగ్దానము చేయుట, సొమ్మిచ్చుట కూడదని దాని భావము. మన గృహిణి ఉల్లంఘించినది దీనినే. మంచితనముచేత చేసినను ఫలితము మారదు.

ఇంటి లెక్క

మన బండికి కలిగిన నష్టమును కంపెనీనుండి కోరుట లాభమా, చేతినుండి పెట్టుకొనుట లాభమా? దీనిని తేల్చుటకు వకీలు అక్కరలేదు. కాగితము, పెన్సిలు చాలును.

సాధారణపు పాలసీలో బాగుచేత ఖర్చంతయు రాదు. ప్లాస్టికు, రబ్బరు భాగములు, టైర్లు, బ్యాటరీ విలువలో సగము తరుగుక్రింద కోసివేయుదురు. అద్దములకు తరుగు లేదు. లోహపు భాగములకు బండి వయస్సునుబట్టి తరుగుండును: మొదటి ఆరు నెలలు ఏమియు లేదు, సంవత్సరములోపల నూటికి 5, రెండేండ్లలోపల 10, మూడేండ్లలోపల 15, నాలుగేండ్లలోపల 25, అయిదేండ్లలోపల 35, పదేండ్లలోపల 40, ఆపైన 50. రంగు ఖర్చులో నాలుగవ వంతును సామగ్రిగా లెక్కించి, అందులో సగము కోయుదురు. ఇదిగాక 1500 సి.సి. మించని కారులకు 1,000 రూపాయలు, మించినవానికి 2,000 రూపాయలు యజమానియే భరింపవలెను. తరుగు లేకుండుటకు అదనపు ప్రీమియము కట్టినవారికి మాత్రము తరుగు కోత యుండదు.

ఇప్పుడు నాలుగు సంవత్సరములు దాటి అయిదు నిండని చిన్న కారునకు ఇట్టి ఖర్చయినదనుకొందము. ప్లాస్టికు బంపరు 6,000, లోహపు రేకు 4,000, రంగు 4,000, కూలి 2,000. మొత్తము 16,000 రూపాయలు. బంపరులో 3,000, రేకులో 1,400, రంగులో 500 కోతపడును. కూలికి కోత లేదు. మిగిలినది 11,100. అందులో యజమాని భాగము 1,000 పోగా చేతికి వచ్చునది 10,100 రూపాయలు.

ఇంతటితో లెక్క పూర్తి కాలేదు. ఏ క్లెయిమును లేని సంవత్సరములకు సొంత నష్టపు ప్రీమియములో కంపెనీవారు తగ్గింపు నిత్తురు. దీనిని 'నో క్లెయిము బోనసు' అందురు. వరుసగా ఒక సంవత్సరమునకు నూటికి 20, రెండింటికి 25, మూడింటికి 35, నాలుగింటికి 45, అయిదింటికి 50 తగ్గును. ఒక్కసారి కోరినచో ఇది సాధారణముగా సున్నకు దిగును. మరల మొదటి మెట్టునుండి ఎక్కవలెను. పై గృహిణికి 35 పాళ్ల బోనసున్నదనియు, బోనసు తీయకమునుపు ప్రీమియము 8,000 రూపాయలనియు అనుకొందము. కోరకున్నచో రాబోవు సంవత్సరము 45 పాళ్లు తగ్గియుండును. కోరినందున ఏమియు తగ్గదు. అనగా 3,600 రూపాయల నష్టము. తరువాతి సంవత్సరములలో 2,400, 2,000, 1,200, 400. ప్రీమియము మారదనుకొన్నచో అయిదేండ్లలో మొత్తము 9,600 రూపాయలు! చేతికి వచ్చిన 10,100తో దీనిని పోల్చి చూడుడు. పదునారు వేల ఖర్చునకు నిజముగా మిగిలినది 500 రూపాయలు.

కావున రెండు మూడు వేల గీటునకు కంపెనీని కోరుట దండుగ. ఖర్చు పెద్దదైనపుడు కోరవలసినదే. అయితే కోరినను మానినను ప్రమాదము జరిగినదని కంపెనీకి వెంటనే తెలుపుట మాత్రము మానరాదు. ఏలన, అవతలివారు రేపు మనపై నష్టము కోరినచో, ఈ సమాచారమే మనకు ఆధారము.

అవతలివారు నష్టము కోరినపుడు

నోటీసు వచ్చినచో దానిని అలమరలో దాచుట గాని, కోపముతో చించుట గాని కూడదు. ఆనాడే నకలు తీసి బీమా కంపెనీకి పంపవలెను. ఇంటిలో పెద్దలకు చెప్పవలెను. దాచినకొలది ఇట్టి వ్యవహారము పెరుగును; "ఆలస్యము అమృతము విషము" అను సామెత దీనికి చక్కగా సరిపోవును.

నష్టము కోరువాడే దానిని నిరూపింపవలెనను నియమమును మరువకుడు. కావున వారిని నాలుగు సంగతులు వ్రాతమూలముగా అడుగవచ్చును. మొదటిది, ప్రమాదము నాటి ఫొటోలు. రెండవది, ఏ భాగమునకు ఎంతయో విడివిడిగా చూపు వర్కుషాపు బిల్లు. మూడవది, ఏవి పాత దెబ్బలో, ఏవి నాటి దెబ్బలో తేల్చు వివరణము. నాలుగవది, ఈ నష్టమునకే తమ సొంత బీమా కంపెనీనుండి సొమ్ము తీసికొనిరా లేదా యన్నది. ఒకే నష్టమునకు రెండుచోట్ల పూర్తి సొమ్ము పొందుటకు ఎవరికిని హక్కు లేదు. ఈ నాలుగు ప్రశ్నలకు న్యాయమైన కోరిక గలవారు తేలికగా జవాబిత్తురు. అన్యాయమైన కోరిక గలవారు చాలవరకు ఇచ్చటనే మెత్తబడుదురు.

వారు వినక పోరాడదలచినచో, ఆస్తి నష్టమునకును మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలునందు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆస్తి నష్టము 2,000 రూపాయలు మించినచో, కోరువారు ఇష్టపడిన సివిలు కోర్టునకు పోవచ్చును. ఇదే మార్గము మనకును గలదు. తప్పు అవతలివారిదై, వారు మన నష్టము తీర్పకున్నచో, మనము నివసించుచోటి ట్రిబ్యునలులోనే అర్జీ వేయవచ్చును. ట్రిబ్యునలు అర్జీలకు 2019 సవరణ చట్టము ఆరు నెలల గడువు పెట్టినది. అది 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున చూతములే యని కాలము గడపరాదు. తప్పు ఇరువురిదియు నైనపుడు న్యాయస్థానములు బాధ్యతను పాళ్లుగా పంచును. తప్పంతయు ఒకరి నెత్తినే పడవలెనను నియమము లేదు.

కంపెనీయే కాదన్నచో

మన బండి నష్టమును కోరినపుడు కంపెనీవారు సర్వేయరును పంపుదురు. అతడు చూడకమునుపు బండిని బాగుచేయింపరాదు. అతడు వచ్చినపుడు ప్రక్కన నుండి, ఏ భాగమును విడిచెనో, ఏల విడిచెనో అడిగి తెలిసికొనవలెను. అతని రిపోర్టు నకలును కోరవలెను. సర్వేయరు మాటయే తుదిమాట గాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. తగిన యాధారములున్నచో దానిని కాదనవచ్చును. ఆలస్యముగా తెలిపితిరను ఒక్క కారణముచేతనే న్యాయమైన క్లెయిమును యాంత్రికముగా త్రోసివేయరాదని బీమా నియంత్రణ సంస్థ 2011లో కంపెనీలకు ఉత్తరువు పంపినది.

కంపెనీవారు కాదనినచో, లేక తక్కువ ఇచ్చినచో, మెట్టుమెట్టుగా పోవలెను. మొదట ఆ కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెల దినములు గడచినను జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తి గొలుపకున్నను, బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవలెను. 1998లో ఏర్పడిన ఈ పద్ధతి సామాన్యులకు మిక్కిలి యుపయోగకరము. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకును యానామునకును హైదరాబాదులో కార్యాలయము గలదు. కంపెనీ నిరాకరించిన యేడాదిలోపల అర్జీ పంపవలెను. 50 లక్షల రూపాయల వరకు గల తగవులను అచ్చట విచారింతురు. అయితే అదే తగవు కోర్టులో నడచుచుండరాదు.

మరియొక మార్గము జిల్లా వినియోగదారుల కమిషను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండు సంవత్సరములు. మనము చెల్లించిన మూల్యము, అనగా ప్రీమియము, 5 లక్షలు మించకున్నచో ఫీజు లేదు. సలహాకు 1915 నంబరు కలదు. ఇచ్చటనొక భేదము గమనింపవలెను. అంబుడ్స్‌మన్, వినియోగదారుల కమిషను అనునవి మనకును మన బీమా కంపెనీకిని నడుమ వచ్చు తగవులకు మాత్రమే. మనకును అవతలి బండివారికిని నడుమ తగవు అచ్చట తీరదు.

ఆ రెండవ తగవునకు గూడ ఖర్చులేని మార్గమొకటి గలదు. ఇది స్త్రీలందరును తెలిసికొనవలసిన సంగతి. 1987 నాటి న్యాయ సేవల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. ధనికురాలా, పేదరాలా యను ప్రశ్న లేదు. జిల్లా న్యాయస్థానముల ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయముండును. 15100 నంబరునకు ఫోను చేసియు అడుగవచ్చును. కోర్టులో దావా వేయకమునుపే ఇరుపక్షములను పిలిపించి లోక్ అదాలత్ ద్వారా రాజీ చేయు ఏర్పాటును వారికి గలదు. ఇరువురి సమ్మతితో అచ్చట జరిగిన తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

రాజీయు ధర్మమును

తగవులన్నియు కోర్టునకు పోవలెనని నా యభిప్రాయము గాదు. నష్టము స్వల్పమై, బీమాను కోరదలచుకొననపుడు, ఇరువురును మంచిగా మాటలాడుకొని ముగించుకొనుటయే మేలు. కాని యదియు కాగితముపైననే జరుగవలెను. తేది, స్థలము, రెండు బండ్ల నంబరులు, ఇచ్చిన మొత్తము వ్రాసి, "ఎవరి తప్పు అను విషయము తేల్చకయే, ఈ సంఘటనవలన కలిగిన నష్టమంతటికిని ఇది తుది పరిష్కారము, ఇకమీదట ఈ విషయమై నాకు ఎట్టి కోరికయు లేదు" అని సొమ్ము పుచ్చుకొన్నవారిచేత సంతకము చేయించుకొనవలెను. సొమ్ము నగదుగా గాక బ్యాంకు ద్వారా గాని ఫోను ద్వారా గాని చెల్లించినచో జాడ యుండును. మన గృహిణి వ్రాసి యిచ్చిన కాగితము ఎదుటివానికి కత్తియైనది. వ్రాయించుకొనవలసిన కాగితము ఆమెకు డాలై యుండెడిది.

ఎదుటివారి మోసమును గూర్చి యింత చెప్పితిని. మన మాట గూడ చెప్పుకొనవలెను గదా. "ఎట్లును బీమా కలదు, ఆ పాత గీటును గూడ ఇందులో కలిపివేయుదము" అని వర్కుషాపువారు సలహా చెప్పుదురు. అది దొంగతనమే. దానివలన నిజమైన క్లెయిము గూడ చెడును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి గలదు: ప్రక్క సీటులో కూర్చున్న పిల్లలు మనము చెప్పు మాటలన్నియు వినుచుందురు. తప్పు నిజముగా మనదే యని మనసునకు తోచినచో, ఆ సంగతిని కంపెనీకి ఉన్నదున్నట్లు వ్రాయుడు. రోడ్డుపై తప్పొప్పుకొనరాదన్నంత మాత్రమున, అబద్ధమాడవలెనని యర్థము గాదు.

ఇక ఆ గృహిణి సంగతి. ఆమె చేయదగిన దేమియు లేదా? కలదు. జరిగినదంతయు భర్తకు చెప్పవలెను. జరిగినది జరిగినట్లు తేదీలతో నొక కాగితముపై వ్రాసికొనవలెను. గుంపు నడుమ ఒత్తిడిచే తానాకాగితము వ్రాసితినని నోటీసునకు జవాబీయవలెను. తలుపునకు తన కారు తగులనే లేదనియు, 3,000 రూపాయలు చెల్లించితిననియు అందు చేర్చి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అడుగవలెను. బజారులోని అంగడి కెమెరాకై విచారింపవలెను. అనుమతి లేకుండ సొమ్మిచ్చిన పొరపాటు నొప్పుకొనుచునే, తన పక్షమున వాదింపుడని కంపెనీని కోరవలెను. న్యాయ సేవాధికార సంస్థ మెట్లెక్కవలెను. 42,000 రూపాయల కోరిక జానెడు గీటు వెలకు దిగుటకు ఇంతకంటె మంచి మార్గము లేదు.

కారు సొరుగులో నొక చిన్న పుస్తకము, ఒక కలము, పాలసీ నకలు, ఫోను నంబరుల కాగితము ఉంచుకొనుడు. వంటింటిలో ఉప్పు నిండుకొన్నదేమో చూచుకొనునట్లే, పాలసీ గడువు తీరు తేదీని గూడ కాలెండరుపై గుర్తు పెట్టుకొనుడు. రేపు మీ బండికి ఎవరి బండియైన తగిలి, గుంపు చేరి, ఎవరో యొకరు ఆ పాత మాటయే అనినచో, తల వాల్చకుడు. మెల్లగా బండి దిగి, ఎవరికిని దెబ్బ తగులలేదు గదా యని చూచి, ఆ పుస్తకము తెరచి, తేదియు సమయమును వ్రాయుట మొదలుపెట్టుడు.